ముహూర్తం నుంచి వెనుకకు
మెసయీద్ కర్మాగారాలలో సంచులు నింపే యంత్రాలు – నిరీక్షణ వెనుక శాస్త్రం

తెలుగింట పెళ్ళి కుదిరినప్పుడు మొట్టమొదట నిశ్చయించేది ముహూర్తం. ఆ తరువాతి లెక్కలన్నీ వెనుకకే నడుస్తాయి. శుభలేఖలు మూడు వారాల ముందు బంధువుల చేతికి అందాలంటే అచ్చుకు ఎప్పుడు ఇవ్వాలి? దూరదేశంలో ఉన్న మేనమామకు సెలవు దొరకాలంటే కబురు ఎప్పుడు వెళ్ళాలి? ధర్మవరం పట్టుచీర మగ్గం మీద నుంచి దిగడానికి నెల పడుతుందని నేతగాడు చెప్పినంత మాత్రాన ముహూర్తానికి సరిగ్గా నెల ముందు చీర పురమాయించే తల్లి ఎక్కడా కనిపించదు. చీర ధర్మవరం నుంచి ఇంటికి రావాలి, అంచు కుట్టించాలి, రవిక కుట్టించాలి, అది సరిపోకపోతే మరల దర్జీ వద్దకు పంపాలి. మగ్గం దిగిన రోజు వేరు, వధువు కట్టుకునే రోజు వేరు. ఈ తేడా ఇంటి ఇల్లాలికి ఎవరూ నేర్పనవసరం లేదు.

కోట్ల రూపాయల పరిశ్రమలలో మాత్రం ఈ తేడాను మరచిపోయే సందర్భాలు తరచు ఎదురవుతూ ఉంటాయి. యంత్రం అమ్మేవారు చెప్పిన గడువునే యంత్రం పని మొదలుపెట్టే గడువుగా భావించి, చివరకు చేతికి వచ్చిన సరుకును ఎక్కడ పెట్టాలో తోచక చిక్కుబడిన కర్మాగారాలు అన్ని దేశాలలోను ఉన్నాయి. ఈ సమస్యను పరిశీలించడానికి ఖతార్‌లోని మెసయీద్ కంటె అనువైన చోటు అరుదు.

ఎడారి తీరాన పారిశ్రామిక నగరం

దోహాకు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సముద్రతీరాన మెసయీద్ ఉన్నది. పూర్వం దీనిని ఉమ్ సయీద్ అని పిలిచేవారు. దుఖాన్ బావుల చమురు గొట్టాల ద్వారా ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి వచ్చి, 1949 డిసెంబరు చివరలో తొలిసారిగా ఓడ ఎక్కినది ఈ రేవులోనే. చమురుతో పాటు లభించే సహజవాయువును ఉపయోగించుకొనే కర్మాగారాలు తరువాతి దశాబ్దాలలో ఇక్కడ ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. 1969లో స్థాపితమైన ఖతార్ ఎరువుల కంపెనీ ‘కాఫ్కో’ 1973లో ఉత్పత్తి ప్రారంభించింది. 1974లో ఏర్పడిన పెట్రోకెమికల్ కంపెనీ ‘కాప్కో’ 1981 నాటికి పాలిథీన్ తయారీ మొదలుపెట్టింది. ఉక్కు, అల్యూమినియం కర్మాగారాలు కూడ ఇక్కడివే. ఈనాడు ఒకే ప్రాంగణం నుంచి అత్యధికంగా యూరియా ఎగుమతి చేసే సంస్థలలో కాఫ్కో అగ్రశ్రేణిలో ఉన్నది. దాని వార్షిక సామర్థ్యం 50 లక్షల టన్నులకు పైమాటే.

ఇంతటి ఉత్పత్తి అంతా ఏదో ఒక రూపంలో మూటగట్టబడి బయటకు పోవలసిందే. యూరియాలో పెద్ద భాగం ఓడల కడుపులలోకి విడిగానే పోస్తారు. పాలిథీన్ గుళికలను మాత్రం సాధారణంగా 25 కిలోల సంచులలో నింపి, ఆ సంచులను చెక్క పలకల మీద దొంతరలుగా పేర్చి, పైన పలుచని ప్లాస్టిక్ ముసుగు తొడిగి పంపుతారు. ఈ పని చేసే యంత్రశ్రేణిని చూడడం ఒక వింత అనుభవం. పెద్ద చుట్టగా వచ్చిన ప్లాస్టిక్ గొట్టాన్ని యంత్రం తనంతట తానే కత్తిరించి, అడుగు అతికించి సంచిగా మలుస్తుంది. గుళికలను తూచి అందులో పోస్తుంది. మూతి వేడితో అతికిస్తుంది. తరువాతి యంత్రం ప్రతి సంచిని మరల తూచి, తక్కువ బరువున్న దానిని పక్కకు నెట్టివేస్తుంది. ఆపై మరొకటి సంచులను వరుస మార్చి వరుసగా పేర్చుతుంది. గంటకు రెండు వేల సంచులు నింపగల శ్రేణులు ఈనాడు మామూలు విషయం.

చివరి యంత్రం, మొదటి ఆటంకం

కర్మాగారం నిర్మించేటప్పుడు అందరి దృష్టి రియాక్టర్ల మీద, కంప్రెసర్ల మీద, ఎత్తైన గోపురాల మీద ఉంటుంది. సంచులు నింపే యంత్రం గొలుసులో చివరిది కనుక కొనుగోలు పట్టికలో కూడ చివరకే వస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. గంటకు 40 టన్నుల పాలిథీన్ తయారుచేసే కర్మాగారం ఉన్నదని ఊహించుకొంటే, అది గంటకు 1,600 సంచులు, రోజుకు 38,400 సంచులు. గుళికలు నిలువ ఉంచే గాదెలలో 3,000 టన్నులు పడతాయనుకొంటే, సంచి యంత్రం పనిచేయని పక్షంలో అవి 75 గంటలలో నిండిపోతాయి. నాలుగవ రోజు రియాక్టరును ఆపక తప్పదు. టన్ను ధర వెయ్యి డాలర్లు అనుకొన్నా రోజుకు 9 లక్షల 60 వేల డాలర్ల సరుకు ఉత్పత్తి ఆగిపోయినట్లే. మొత్తం కర్మాగారం వెలతో పోల్చితే చాలా చిన్నదైన యంత్రం, ఆ మొత్తాన్ని నిలబెట్టివేయగలదు.

ఆలస్యానికి పరిహారంగా యంత్రం అమ్మినవారు వారానికి ధరలో అర శాతం చొప్పున తగ్గించుకోవాలనీ, అది ఐదు లేక పది శాతం మించరాదనీ ఒప్పందాలలో వ్రాసుకోవడం పరిపాటి. ఆ శాతం లెక్కించేది యంత్రం ధర మీద. నష్టం జరిగేది కర్మాగారం ఉత్పత్తి మీద. ఈ రెంటికీ పొంతన ఉండదు. కాబట్టి జరిమానా షరతు ఉన్నదన్న ధైర్యంతో గడువును గురించి నిశ్చింతగా ఉండడం మంచిది కాదు.

‘ఇరవై ఎనిమిది వారాలు’ అంటే ఎన్ని వారాలు?

యంత్రాల తయారీదారు తన ధరల పత్రంలో ‘సరఫరా: 28 వారాలు’ అని వ్రాసినప్పుడు అడగవలసిన ప్రశ్నలు రెండు. ఆ వారాలు ఏ రోజున మొదలవుతాయి? ఏ గుమ్మం దగ్గర ముగుస్తాయి?

సాధారణంగా అవి కొనుగోలు ఉత్తరువు చేతికి అందిన రోజున మొదలు కావు. బయానా సొమ్ము బ్యాంకులో జమ అయిన తరువాత, సాంకేతిక వివరాలన్నీ తేలిన తరువాత మొదలవుతాయి. ముగింపు సంగతి ఒప్పందంలోని రెండు మూడు అక్షరాల మీద ఆధారపడి ఉంటుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో తొలిసారి ప్రకటించి, అప్పటి నుంచి సవరిస్తూ వస్తున్న వాణిజ్య పదాల పట్టిక ప్రకారం ‘ఎక్స్ వర్క్స్’ అంటే యంత్రం తయారీదారు వాకిట సిద్ధంగా ఉన్నదని మాత్రమే అర్థం. ‘ఎఫ్.ఓ.బి.’ అంటే ఎగుమతి రేవులో ఓడ మీదికి చేరిందని అర్థం. రెండింటిలోను యంత్రం ఇంకా ఖతార్ ముఖం చూడలేదు. మగ్గం దిగిన చీర వంటిదే అది.

అసలు లెక్క ఎలా ఉంటుందో ఊహకు అందడానికి ఈ క్రింది అంచనా ఉపకరిస్తుంది. ఐరోపాలో తయారయ్యే ఒక సంచుల శ్రేణిని మెసయీద్‌లో నెలకొల్పాలి. అవసరాలు వ్రాసుకోవడానికి 6 వారాలు. ధరలు తెప్పించి, పోల్చి, బేరమాడడానికి 8. పై అధికారుల అనుమతి, ఉత్తరువు, బయానా, బ్యాంకు పత్రాలకు 4. నమూనా చిత్రాలు గీసి ఆమోదం పొందడానికి 4. తయారీకి 24. తయారీదారు ఇంట పరీక్ష, దిద్దుబాట్లకు 2. పెట్టెలలో బిగించి రేవుకు చేర్చడానికి 2. సముద్రయానానికి 5. ఖతార్ రేవులో సుంకం పనులకు, అక్కడి నుంచి కర్మాగారానికి 2. నిలబెట్టి బిగించడానికి 4. నడిపించి చూడడానికి, పనివారికి శిక్షణకు 3. అన్నీ కలిపితే 64 వారాలు. ఈ సంఖ్యలు యంత్రాన్ని బట్టి మారవచ్చు గాని, వాటి పొందిక పెద్దగా మారదు. తయారీదారు చెప్పిన 28 వారాలలో అసత్యం ఏమీ లేదు. అది చిత్రాలకు 4, తయారీకి 24 కలిపి చెప్పిన మాట. మిగిలిన 36 వారాలు కొనుగోలుదారు లెక్కించుకోవలసినవి. తొలి సంచి జనవరిలో నిండాలంటే, ఆ పని అంతకు ముందు సంవత్సరం జనవరికి కాదు, ఆపై ఏడాది అక్టోబరులోనే మొదలు కావాలి.

నిరీక్షణకు గణితం

తయారీకి అన్ని వారాలు ఎందుకు? యంత్రం బిగించడానికి పట్టేది నిజానికి కొద్ది వారాలే. మిగిలినది వరుసలో నిలబడిన కాలం. అమెరికన్ శాస్త్రవేత్త జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటి దీనిని స్పష్టం చేస్తుంది: వరుసలో ఉన్నవారి సంఖ్యను, ఒక కాలంలో పని పూర్తయి వెళ్ళేవారి సంఖ్యతో భాగిస్తే సగటు నిరీక్షణ తెలుస్తుంది. రేషను దుకాణానికైనా, యంత్రాల కర్మాగారానికైనా ఇది వర్తిస్తుంది. నెలకు 3 శ్రేణులు పూర్తిచేసే తయారీదారు చేతిలో 18 ఉత్తరువులు ఉంటే కొత్తవారికి ఆరు నెలలు పడుతుంది. ఉత్తరువులు 36 అయితే, పనివారిలో లోపం లేకపోయినా, ఏడాది పడుతుంది. అందువల్ల ‘పోయినసారి ఆరు నెలలలో వచ్చింది కదా’ అన్న అనుభవం ఈసారికి పనికిరాదు. అడగవలసిన ప్రశ్న ‘ఎన్ని వారాలు?’ అని మాత్రమే కాదు, ‘ప్రస్తుతం చేతిలో ఎన్ని ఉత్తరువులు ఉన్నాయి?’ అని కూడ.

రెండవ లెక్క సంభావ్యతకు సంబంధించినది. తొలి సంచి నిండాలంటే ఐదు విషయాలు ఒకేసారి సిద్ధం కావాలి: యంత్రం, దాని క్రింది పునాది, విద్యుత్తు – గాలి సరఫరా, అచ్చువేసిన ప్లాస్టిక్ చుట్టలు, రేవులో చూపవలసిన పత్రాలు. ఒక్కొక్కటి సకాలంలో అందే అవకాశం నూటికి 90 పాళ్ళు అనుకోవచ్చు. విడివిడిగా చూస్తే అన్నీ భరోసా కలిగించేవే. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, ఐదూ సకాలంలో కలిసివచ్చే అవకాశం 90ని కాదు, 59ని సూచిస్తుంది. అంటే పదింట నాలుగుసార్లు ఎక్కడో ఒకచోట ఆలస్యం తప్పదు. ప్రతివారూ ‘నా వంతు దాదాపు సిద్ధం’ అని నిజాయితీగా చెబుతున్నా పని మొత్తం ఎందుకు వెనుకబడుతుందో ఈ చిన్న గుణకారం చెబుతున్నది.

మూడవది దారుల లెక్క. 1957లో అమెరికాలోని డూపాంట్ కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి ఒక పద్ధతిని రూపొందించారు. ఒక నిర్మాణంలోని పనులన్నింటిని గీతలుగా గీసి, ఏది పూర్తయితే ఏది మొదలు కాగలదో ముడివేస్తే, మొదటి నుంచి చివరి వరకు అన్నిటికంటె పొడవైన దారి ఒకటి తేలుతుంది. ఆ దారిలో ఒక రోజు ఆలస్యమైతే మొత్తం పని ఒక రోజు ఆలస్యమవుతుంది. ఇతర దారులలో కొంత వెసులుబాటు ఉంటుంది. ఇంజనీర్లు దీనిని ‘క్రిటికల్ పాత్’ అంటారు. యంత్రం తయారవుతున్న 24 వారాలలో పునాది, విద్యుత్తు పనులు పక్కపక్కనే సాగించుకోవచ్చు. కాని నమూనా చిత్రాల ఆమోదం ఈ పొడవైన దారి మీదనే ఉన్నది. ఒక చిత్రం సంతకం కోసం మూడు వారాలు ఎవరి బల్ల మీదనో పడి ఉంటే, తొలి సంచి మూడు వారాలు వెనుకకు జరుగుతుంది. ఆ మూడు వారాలు ఏ పద్దులోనూ కనిపించవు.

సముద్రం, సరిహద్దు, ఎండ

కాగితం మీది లెక్క ఎంత సరిగా ఉన్నా మెసయీద్‌కు తనవైన పరిస్థితులు కొన్ని ఉన్నాయి. సముద్రం మీదుగా రావాలంటే హొర్ముజ్ జలసంధి తప్ప మరొక దారి లేదు. నేల మీద ఖతార్‌కు ఉన్న సరిహద్దు ఒక్కటే, అది సౌదీ అరేబియాతో. చాలాకాలం వరకు దూరదేశాల సరుకులలో అధిక భాగం దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవులో పెద్ద ఓడల నుంచి దిగి, చిన్న ఓడలలోనో లారీలలోనో ఖతార్ చేరేది.

2017 జూన్ 5న సౌదీ అరేబియా, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకొన్నాయి. ఆ నేల సరిహద్దు మూతపడింది. జెబెల్ అలీ దారి కూడ మూసుకుపోయింది. అదృష్టవశాత్తు మెసయీద్‌కు ఉత్తరంగా నిర్మించిన హమద్ రేవు అంతకు ఆరు నెలల ముందే, 2016 డిసెంబరులో, పని ప్రారంభించి ఉన్నది. కొద్ది వారాలలోనే ఒమన్‌లోని సొహార్, సలాలా రేవులతోను, భారతదేశంలోని ముంద్రా, నవ షేవా రేవులతోను నేరుగా ఓడలు నడిచాయి. దేశం నిలదొక్కుకొన్నది. ఆ ప్రతిష్టంభన 2021 జనవరి వరకు కొనసాగింది. ముందుచూపుతో కట్టిన రేవు దేశాన్ని ఆదుకొన్నట్లే, కొనుగోలు పట్టికలో ముందుగా ఉంచుకొన్న కొన్ని వారాలు కర్మాగారాన్ని ఆదుకొంటాయి.

ఆ తరువాతి సంవత్సరాలు కూడ ఇదే పాఠాన్ని చెప్పాయి. 2021 మార్చి 23న ‘ఎవర్ గివెన్’ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు దారిని మూసివేసింది. 2021, 2022 సంవత్సరాలలో సిలికాన్ చిప్పుల కొరత వల్ల యంత్రాలను నడిపే కంట్రోలర్లు, మోటారు డ్రైవులు కొన్ని వారాలకు బదులు అనేక నెలలకు గాని అందలేదు. అరచేతి వెడల్పు పెట్టె కోసం ఇంటి పొడవు యంత్రాలు ఎదురుచూశాయి. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలు కావడంతో అనేక నౌకలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసివచ్చింది. ప్రయాణం పది రోజులో, అంతకు మించియో పెరిగింది.

ఇక ఎండ. ఖతార్‌లో 2021 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించరాదు. శ్రామికుల ఆరోగ్యానికి ఇది ఎంతో అవసరమైన నియమం. కొనుగోలుదారు గ్రహించవలసినది ఏమిటంటే, మార్చిలో రావలసిన యంత్రం జూన్‌లో వస్తే ఆలస్యం మూడు నెలలతో ఆగదు. చల్లని రోజులలో నాలుగు వారాలు పట్టే బిగింపు మరికొన్ని వారాలు సాగుతుంది. రంజాన్ నెలలో పనిగంటలు రోజుకు ఆరుకు తగ్గుతాయి. ఐరోపాలో ఆగస్టు సెలవులు, చైనాలో వసంతోత్సవపు సెలవులు తయారీని నిలిపివేస్తాయి. అన్ని దేశాల పంచాంగాలనూ ఒకే గోడకు తగిలించుకొని చూడవలసి ఉంటుంది.

వాతావరణపు ప్రభావం యంత్రం మీద, సరుకు మీద కూడ ఉంటుంది. చాలా విద్యుత్ పరికరాలు 40 డిగ్రీల ఉష్ణోగ్రతను దృష్టిలో ఉంచుకొని తయారవుతాయి. మెసయీద్ వేసవి దానిని సులభంగా దాటుతుంది. ఈ సంగతి ఉత్తరువులోనే వ్రాయకపోతే, యంత్రం వచ్చిన తరువాత శీతలీకరణ పెట్టెలు వేరుగా తెప్పించవలసివస్తుంది. యూరియాకు మరొక గుణం ఉన్నది. 30 డిగ్రీల వద్ద గాలిలో తేమ సుమారు 73 శాతం దాటితే అది తేమను పీల్చుకొని గడ్డకట్టుతుంది. వేసవి చివరి రాత్రులలో గల్ఫ్ తీరపు గాలిలో తేమ అంతకు మించి ఉంటుంది. కాబట్టి ఎరువును నింపే చోట ఆలస్యమంటే సరుకు చెడిపోవడమని కూడ అర్థం.

అనుభవజ్ఞుల పద్ధతులు

ఈ రంగంలో చాలాకాలంగా పనిచేస్తున్నవారి పద్ధతులలో కొన్ని సామాన్య సూత్రాలు కనిపిస్తాయి. గడువును ‘యంత్రం వచ్చే రోజు’గా కాక ‘అమ్మదగిన తొలి సంచి నిండే రోజు’గా వారు నిర్ణయించుకొంటారు. అదే వారి ముహూర్తం. చిత్రాలను ఎన్ని రోజులలో ఆమోదించాలో తమకు తామే గడువు పెట్టుకొంటారు. తయారీదారు ఇంట జరిగే పరీక్షలో తమ సొంత గుళికలను, తమ సొంత ప్లాస్టిక్ చుట్టలను వాడాలని పట్టుబడతారు. అక్కడి ఇసుకతోనో, వేరొకరి గుళికలతోనో చక్కగా నడిచిన యంత్రం ఇక్కడి సరుకుతో మొరాయించవచ్చు. లోపం తయారీదారు ఇంట బయటపడితే దిద్దుబాటు రోజులలో తేలుతుంది. మెసయీద్‌లో బయటపడితే విడిభాగం కోసం మరల సముద్రాలు దాటాలి.

తొలి రెండు సంవత్సరాలకు కావలసిన విడిభాగాలను యంత్రంతో పాటే తెప్పిస్తారు. ప్రతి పని మీద కొద్దికొద్దిగా అదనపు రోజులు దాచుకోక, అన్నింటినీ కలిపి చివరలో ఒకేచోట ఉంచుతారు. విడివిడిగా దాచిన రోజులు ఎవరికివారు ఖర్చుచేసుకొంటారు. ఒకేచోట ఉన్న రోజులను అందరూ కాపాడతారు. పై అంచనాలోని 64 వారాల పనికి పది పన్నెండు వారాలు ఇలా ఉంచుకోవడం అతిజాగ్రత్త అనిపించుకోదు.

గల్ఫ్ దేశాలలోని తెలుగు కుటుంబాలకు ఈ వారాల విలువ మరొక విధంగా కూడ తెలుసు. యంత్రం ఆలస్యమైతే దానిని నడిపించవలసిన ఇంజనీరు సెలవు రద్దవుతుంది. పిల్లల బడి సెలవులు మాత్రం జరగవు. తల్లీ పిల్లలు విమానమెక్కి విజయవాడకో, కరీంనగరుకో చేరితే, తండ్రి మెసయీద్ ఎండలో విడిభాగం కోసం ఎదురుచూస్తాడు. పట్టికలో దాచిన వారాలు కంపెనీ లాభాన్ని మాత్రమే కాదు, ఇటువంటి వేసవులను కూడ కాపాడుతాయి.

అదను

మెసయీద్ వంటి గల్ఫ్ రేవుల నుంచి విడిగా బయలుదేరిన యూరియా ఓడలు కాకినాడ, విశాఖపట్నం వంటి భారతీయ రేవులకు చేరినప్పుడు సంచుల యంత్రాల అవసరం అక్కడ మరల తలెత్తుతుంది. 2018 నుంచి భారతదేశంలో యూరియా సంచి బరువు 50 కిలోల నుంచి 45 కిలోలకు మారింది. ఆ ఒక్క నిర్ణయంతో తూకాలు మార్చవలసివచ్చింది, కొత్త సంచులు అచ్చువేయించవలసివచ్చింది. 45,000 టన్నుల ఓడ ఒకటి వస్తే పది లక్షల సంచులు నిండాలి. గంటకు వెయ్యి సంచులు నింపే యంత్రాలు పది ఉంటే నాలుగు రోజులకు పైగా రాత్రింబగళ్ళు పని. యంత్రాలు ఐదే ఉంటే అది ఎనిమిది రోజుల మాట. ఈలోగా ఓడ రేవులో నిలబడితే రోజుకింత అద్దె.

ఆ సంచి కోసం ఎదురుచూసే గోదావరి డెల్టా రైతుకు ఈ లెక్కలేవీ తెలియవు. ఆయనకు తెలిసినది ఒక్కటే మాట: అదను. నాట్లు వేసిన తరువాత పైరుకు ఎరువు అందవలసిన రోజులు కొన్నే ఉంటాయి. అవి దాటిన తరువాత వచ్చిన సంచిలోనూ అదే యూరియా ఉంటుంది, అంతే బరువు ఉంటుంది. కాని పైరుకు అది అదే ఎరువు కాదు. సరుకు వెలలో కాలం కూడ ఒక భాగమని రైతు ఏనాడో గ్రహించాడు. అందుకే విత్తనం చల్లే ముందే కోత రోజులను తలచుకొంటాడు. లక్షల డాలర్ల యంత్రానికి ఉత్తరువు వ్రాసేవారు అలవరచుకోవలసినది ఆ చూపే. తొలి సంచి నిండవలసిన రోజును ముందుగా గుర్తించి, అక్కడి నుంచి ఒక్కొక్క అడుగు వెనుకకు వేస్తూ ఈనాటికి చేరుకొన్నవారికే, ఈరోజు చేయవలసిన పని ఏమిటో తెలుస్తుంది.